ఒక్క ‘పన్నాగం’ కోసం ఆంధ్రభారతి తలుపు తడితే

డబ్బింగ్ సీరియళ్లకి తెలుగు మాటలు రాస్తుంటాను. మొన్న ఒక హిందీ సీన్‌లో కోడలు పిల్ల అత్తగారి గురించి ‘చాల్’ అంది. టైమ్ లేదు కదా అని ఫోన్‌లో ఉన్న అనువాదం యాప్‌ని అడిగితే ‘ఆమె నడక నాకు అర్థమైంది’ అని ఇచ్చింది. హిందీలో చాల్ అంటే నడకా అవును, ఎత్తుగడా అవును, కాబట్టి దాన్ని మరీ తిట్టలేం, కానీ అలాగే పంపితే పాపం ఆవిడకి మోకాళ్ల నొప్పులేమో అనుకుంటారు జనం.

అందుకని ‘పన్నాగం’ అంటే నప్పుతుందేమో చూద్దామని ఆంధ్రభారతి సైట్‌లో నిఘంటు శోధన తెరిచాను. పైసా ఖర్చు లేదు. ఒక మాట కొడితే 1852లో మొదటిసారి అచ్చయిన బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, ఇంకా బోలెడన్ని, ఒకే పేజీలో వరసగా వచ్చేస్తాయి. పాత నిఘంటువుల్లో మాటలు ‘ము’తో ఉంటాయి, కాబట్టి పన్నాగం అని కాకుండా పన్నాగము అని కొట్టి చూడండి.

మా బాబాయ్ ఎప్పుడూ అంటుంటాడు, పన్నగం అంటే పాము కదరా, పాములా పాకుతూ వచ్చి కాటేసేదే పన్నాగం అని. వినడానికి భలే ఉంటుంది. కానీ పన్నగం సంస్కృతం, పన్నాగం మన తెలుగు ‘పన్ను’కి చుట్టం. ఆ పన్ను నోట్లోదీ కాదు, ప్రభుత్వానికి కట్టేదీ కాదు, అమర్చడం, సిద్ధం చేయడం అనే క్రియ. వల పన్నడం, ఉచ్చు పన్నడం, వ్యూహం పన్నడం. ద్రోణుడు పద్మవ్యూహం పన్నితే అది యుద్ధవిద్య, అదే పన్నాగం అన్నామంటే మనిషి మీద అనుమానం వచ్చేసినట్టే. బాబాయ్‌కి ఇంకా చెప్పలేదు.

అయితే ఎంత పెద్ద నిఘంటువైనా అర్థం చెప్తుంది గానీ ఏ మాట ఎవరి నోట్లో ఇముడుతుందో మనమే చూసుకోవాలి. కుట్ర అంటే పోలీసు కేసు వాసన వస్తుంది, నలుగురు కూడాలి. పన్నాగం ఒక్కరే పన్నొచ్చు, కానీ ఎప్పుడూ ఎదుటివాడిదే, ‘నేనో పన్నాగం పన్నాను’ అని ఎవరూ చెప్పుకోరు. ఎత్తుకి చదరంగం గౌరవం ఉంది, పారితే మెచ్చుకుంటాం కూడా. జిత్తులంటే నక్క బుద్ధి, అది ఒక్కరోజుతో పోయేది కాదు. ఇక ‘స్కెచ్ వేశాడు’ మా వీధి కుర్రాళ్ల మాట, 1885లో దాన్ని వెతికితే ఎక్కడ దొరుకుతుంది!

ఇంతా చేసి పన్నాగం నాకు పనికిరాలేదు. మొదట్లో ప, చివర్లో ం, రెండుచోట్లా పెదాలు కలుస్తాయి, తెర మీద చాల్ అన్నప్పుడు ఆ అమ్మాయి పెదాలు అసలు కలవవు. అందుకని ‘ఎత్తు’ పెట్టాను. పన్నాగాన్ని వదలబుద్ధి కాక, తర్వాతి సీన్‌లో ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగి, మనకి జడ మాత్రమే కనిపించే షాట్‌లో దూర్చేశాను.

రేటింగ్ అడిగితే ఐదుకి ఐదూ ఇస్తాను. ఒక మాట కోసం వెళ్లి గంటన్నర కూర్చున్నందుకు మాత్రం ఎడిటర్ దగ్గర తిట్లు పడ్డాయి.