జులై 4కు ఇంటి ముందు కట్టే నైలాన్ జెండా: కొనేముందు చూసుకోవాల్సినవి

అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4కు అక్కడి ఇళ్ల గుమ్మాల పక్కన ఎగిరే జాతీయ జెండాల్లో 3×5 అడుగులవే ఎక్కువ. వాటిలో నక్షత్రాలు ఎంబ్రాయిడరీ చేసి, చారలు విడివిడిగా కుట్టిన నైలాన్ రకం గురించే ఈ సమీక్ష.

ముందు కొలత సంగతి. 1959 నాటి అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం ఎత్తు 1 అయితే పొడవు 1.9. అంటే 3 అడుగుల ఎత్తున్న జెండా 5.7 అడుగుల పొడవు ఉండాలి. ఆ నిష్పత్తి ప్రభుత్వ శాఖల కోసం పెట్టింది. ఇంటికి 3×5 తప్పు కాదు. నక్షత్రాలు మాత్రం తప్పక లెక్కపెట్టండి: ఆరు, ఐదు చొప్పున మారుతూ 9 వరుసలు, మొత్తం 50. కొత్త రాష్ట్రం చేరితే దాని నక్షత్రాన్ని ఆ తర్వాత వచ్చే జులై 4న చేర్చాలని 1818 చట్టం చెబుతుంది. హవాయి 1959 ఆగస్టులో చేరింది కాబట్టి 50 నక్షత్రాల జెండా 1960 జులై 4న ఎగిరింది. పండగకూ జెండాకూ ఉన్న ఈ ముడి ఎంత అందమైనదో!

మన్నిక అంతా కొస అంచు కుట్టులోనే ఉంది. గాలికి కొరడాలా కొట్టుకునేది అక్కడే. నాలుగు వరుసల కుట్టు లేకపోతే కొనకండి. దారాలు లేవగానే ఆ మేర కత్తిరించి మళ్లీ మడిచి కుట్టాలి. వదిలేస్తే చారల మధ్య కుట్టు వెంబడి చిరుగు లోపలికి పాకుతుంది. నైలాన్ చిరుగాలికే ఎగురుతుంది, త్వరగా ఆరుతుంది. ఎప్పుడూ ఈదురుగాలి వీచే చోటయితే బరువైన పాలిస్టర్ మేలు. కర్రకు చుట్టుకుపోవడం నైలాన్ జెండా పెద్ద లోపం. జెండా అంచున కట్టడానికి ఉండే ఇత్తడి కళ్లను (రంధ్రాలను) కర్రకు బిగించి కట్టకుండా, గుండ్రంగా తిరిగే రింగులకు తగిలిస్తే చాలావరకు తగ్గుతుంది.

గోడకు నిలువుగా వేలాడదీసేటప్పుడే చాలామంది పొరబడతారు. ఎదురుగా నిలబడి చూసేవారికి నక్షత్రాలున్న నీలి గడి ఎడమ పక్కనే కనిపించాలి. ఊరికే కుడివైపు తిప్పితే అది కుడికి వెళ్లిపోతుంది, జెండాను వెనక్కి కూడా తిరగేయాలి. రాత్రి ఉంచితే దీపం వెలుగు పడాలి, లేదంటే సూర్యాస్తమయానికి దించాలి. ఆ సాయంత్రం కాకరపువ్వొత్తులు దీనికి దూరంగా కాల్చండి: నిప్పురవ్వ తగిలితే నైలాన్ కరిగి చిల్లు పడుతుంది. తడిగా మడిస్తే బూజు పడుతుంది.

వేసవంతా కట్టి ఉంచేవారికి ఇదే సరైన కొనుగోలు. ఒక్క రోజుకైతే అచ్చు వేసిన చవక రకం చాలు. పాతబడ్డాక ఇంట్లో కాల్చకండి, నైలాన్ పొగ మంచిది కాదు. దగ్గర్లోని అమెరికన్ లీజియన్ (మాజీ సైనికుల సంఘం) శాఖకు అప్పగిస్తే మర్యాదగా సాగనంపుతారు.