మందులు వద్దన్నారు, అందుకే నాలుగు స్టార్లు

మన ఒడిశా బరంపురంలో ఒక ట్రస్టువాళ్లు నడిపే ఉచిత మందుల కౌంటర్ గురించి రాస్తున్నాను. అక్కడ తిట్టుకుంటూ బయటికొచ్చేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. నేనైతే అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను.

నాన్నగారు పోయాక మిగిలిన మందులు సంచిలో వేసి పట్టుకెళ్లాను. ఫార్మసిస్టు పెద్దాయన ఒక్క స్ట్రిప్పు కూడా తీసుకోలేదు. ఇన్సులిన్ సీలు కూడా విప్పలేదండీ అన్నాను. "2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి బాబూ. మే నెలలో మీ ఇంట్లో కరెంటు ఎంతసేపు పోయిందో నాకేం తెలుసు?" అన్నారు. డాక్టరు ఇచ్చిన శాంపిళ్లూ వద్దన్నారు.

ఇది ఆయన చాదస్తం కాదు. రోగులు తిరిగిచ్చిన మందులు, ఉచిత శాంపిళ్లు దానంగా పంపొద్దని, చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చట్టం కాదు, సలహాలే. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక మా వీధికొచ్చిన సాయం మూటల్లో సగానికి కత్తిరించిన స్ట్రిప్పులు చూశాను. పేరుంటే ఎక్స్‌పైరీ లేదు, ఎక్స్‌పైరీ ఉంటే పేరు లేదు. అవి ఎవరికి వేస్తాం?

ఇక్కడ మాత్రం డీలర్లు బిల్లుతో పంపిన, సీలు విప్పని పెట్టెలే తీసుకుంటారు. బ్యాచ్ నంబరు రిజిస్టర్‌లో రాస్తారు. షెడ్యూల్ హెచ్ మందుకి, అంటే చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం జాబితాలో పెట్టిన మందుకి, డాక్టరు చీటీ చూపించాల్సిందే, ఎంత బతిమాలినా అంతే. బీపీ, షుగర్ మాత్రల కోసం వస్తే ముందు సర్కారు ఆసుపత్రిలో నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కౌంటర్‌కి వెళ్లమంటారు. అక్కడ దొరకనివే ఇక్కడ ఇస్తారు.

వాకర్లు, వీల్‌చైర్లు మాత్రం వాడినవైనా తీసుకుంటారు. నాన్నగారి వాకర్ తీసుకుని, అరిగిన రబ్బరు బుష్‌లు మార్చాకే ఎవరికైనా ఇస్తామన్నారు. నెబ్యులైజర్ మెషీన్ తీసుకుని మాస్కు మాత్రం తిరిగిచ్చేశారు.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, మందు కవరు మీద ఎప్పుడు వేసుకోవాలో ఒడియాలోనే రాస్తారు. మా పెద్దమ్మకి తెలుగు తప్ప చదవడం రాదు. పొద్దున్న మాత్ర ఏదో, రాత్రిది ఏదో తెలియక పక్కింటివాళ్లని అడిగింది. ఇంత నియమంగా నడిపేవాళ్లకి ఒక తెలుగు ముక్క రాయడం కష్టమా? కనీసం సూర్యుడు, చంద్రుడు బొమ్మలైనా వేయొచ్చు.

మధ్యాహ్నం మూసేస్తారు. పొద్దున్నే వెళ్లండి, చీటీ జిరాక్స్ దగ్గర పెట్టుకోండి.