జింక కోసం దాచిన తుపాకి, నిప్పులో వేసిన తుపాకి: ఏది మేలు?

అమెరికాలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ చూసొచ్చిన మనవాళ్లు గుర్రపు బగ్గీల గురించీ, దండెం మీద ఆరేసిన ముదురురంగు గౌన్ల గురించీ మురిపెంగా చెబుతారు. పాతకాలపు పద్ధతిలో బతికే ఆ అమిష్ క్రైస్తవుల ఇళ్లలో తుపాకులు కూడా ఉంటాయంటే మాత్రం నమ్మరు. పెన్సిల్వేనియాలో, ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో జింకల వేట మొదలైందంటే అమిష్ మగవాళ్లు రైఫిలో షాట్‌గనో తీసుకుని అడవిదారి పడతారు. కొట్టిన జింక మాంసం ఇంటిల్లిపాదికీ కూర అవుతుంది.

యుద్ధానికి వెళ్లనివాళ్లు, చెంపదెబ్బకు చెంపదెబ్బ కొట్టకూడదనే కొండమీద ప్రసంగాన్ని అక్షరాలా పాటించేవాళ్లు ఇంట్లో తుపాకి ఎందుకు ఉంచుకోవాలి? తీసి పారేస్తే పోదా?

అలా పారేసిన క్రైస్తవులు కూడా ఉన్నారు. రష్యా సామ్రాజ్యంలో కాకసస్ ప్రాంతపు దుఖోబోర్లు 1895 వేసవిలో ఊళ్లోని ఆయుధాలన్నీ పోగుచేసి, కుప్పపోసి తగలబెట్టారు. సైన్యంలో చేరబోమని జారు చక్రవర్తికి అలా చెప్పారు. జారు గుర్రపు సైనికులైన కొసాక్కులు వచ్చి కొరడాలతో కొట్టారు. కుటుంబాలను ఊళ్లోంచి వెళ్లగొట్టారు. 1899లో 7,000 మందికి పైగా ఓడలెక్కి కెనడా చేరారు. వాళ్ల ప్రయాణ ఖర్చులకు టాల్‌స్టాయ్ తన నవల మీద వచ్చిన డబ్బు ఇచ్చాడు. వాళ్లలో చాలామంది అప్పటికే మాంసం మానేశారు కాబట్టి వేట తుపాకి కూడా వాళ్లకు అక్కర్లేదు. కూర కోసం జింకను కొట్టే అమిష్ రైతు పరిస్థితి వేరు.

ఆ మంట గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయినా నా మొగ్గు అమిష్‌వాళ్ల వైపే. దానికి కారణం 1757 సెప్టెంబరులో ఒక రాత్రి.

అప్పుడు ఫ్రెంచివాళ్లకూ ఇంగ్లీషువాళ్లకూ యుద్ధం జరుగుతోంది. పెన్సిల్వేనియాలోని బెర్క్స్ కౌంటీలో నార్త్‌కిల్ అనే అమిష్ పల్లె ఉండేది. ఫ్రెంచి పక్షాన ఉన్న ఆదివాసీ యోధులు అక్కడి జాకబ్ హాక్‌స్టెట్లర్ ఇంటిని చుట్టుముట్టారు. తలుపు తీసిన కొడుకు కాలికి గుండు తగిలింది. మిగతా ఇద్దరు కొడుకులు, జోసెఫ్, క్రిస్టియన్, వేట తుపాకులు అందుకున్నారు. ఇద్దరికీ గురి బాగా కుదురుతుంది. తండ్రి వద్దన్నాడు. మనిషి ప్రాణం తీయడానికి వీల్లేదన్నాడు. ఇంటికి నిప్పంటుకుంటే అందరూ నేలమాళిగలో దాక్కుని, అక్కడున్న యాపిల్ రసం చల్లుతూ మంటలు ఆర్పుకున్నారట. తెల్లారి బయటికొచ్చేసరికి తల్లినీ, గాయపడ్డ కొడుకునీ, ఒక కూతురినీ చంపేశారు. తండ్రినీ ఇద్దరు కొడుకులనూ బందీలుగా పట్టుకుపోయారు.

ఆ తండ్రి చేసింది సరైనదేనా అని చాలాసార్లు ఆలోచించాను. నేనైతే అలా ఉండగలనని చెప్పలేను. కానీ ఒక్క విషయం నాకు స్పష్టంగా కనబడుతుంది: చేతికందే దూరంలో తుపాకి ఉంది, కాల్చడం వచ్చు, అయినా మనిషి మీద ఎత్తలేదు. తగలబెట్టేసిన తుపాకి విషయంలో ఆ నిగ్రహం మళ్లీ మళ్లీ అవసరం పడదు. పైగా ఆయుధం పోయినంత మాత్రాన హింస పోతుందనీ లేదు. కెనడా చేరాక దుఖోబోర్లలోంచి చీలిన ఒక చిన్న వర్గం ఇళ్లు తగలబెట్టడం, బాంబులు పెట్టడం దాకా వెళ్లింది. మిగతా దుఖోబోర్లు దానికి ఎంతో బాధపడ్డారు.

మూడో దారి అమిష్ కాని ఇరుగుపొరుగువాళ్లది: ఇంటి రక్షణకు పిస్తోలు. చాలా అమిష్ సంఘాల పెద్దలకు పిస్తోలంటే గిట్టదు, ఎందుకంటే అది ముఖ్యంగా మనిషికి గురిపెట్టేందుకు చేసిన వస్తువు. 2006 అక్టోబరు 2న లాంకాస్టర్ కౌంటీలోని నికెల్ మైన్స్ అమిష్ బడిలో ఒకడు పదిమంది ఆడపిల్లలను కాల్చాడు, ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత కూడా వాళ్లు బడికి సాయుధ కాపలా పెట్టుకోలేదు. పాత బడి కూల్చేసి దగ్గర్లోనే కొత్తది కట్టుకున్నారు. కాల్చినవాడి అంత్యక్రియలకు వెళ్లి, అతని భార్యను ఓదార్చారు.

అమిష్ దారిలో చిక్కులు లేవనను. లైసెన్సున్న దుకాణంలో తుపాకి కొనాలంటే ఫొటో గుర్తింపు కార్డు కావాలి. ఫొటో దిగడం వాళ్లలో చాలామందికి మతరీత్యా ఇష్టం లేదు. 2015లో పెన్సిల్వేనియాలో ఒక అమిష్ వ్యక్తి ఈ నిబంధన మీద కేంద్ర ప్రభుత్వంపై దావా వేశాడు. దావాలకు దూరంగా ఉండే మనుషుల్ని తుపాకి కోర్టు దాకా తెచ్చిందన్నమాట. అది నాకు నచ్చలేదు.

ఇంకా బాధ కలిగించేది 2011 డిసెంబరులో ఒహాయోలో జరిగింది. ఒకతను వేట తుపాకి శుభ్రం చేసుకుంటూ గాల్లోకి పేల్చాడు. ఆ గుండు మైలున్నర దూరంలో బగ్గీలో ఇంటికి వెళుతున్న అమిష్ అమ్మాయి ప్రాణం తీసింది. దుఖోబోర్ల మంట ఈ ఒక్క చోట అమిష్‌వాళ్ల నిగ్రహం కంటే నిస్సందేహంగా మేలు.

పెన్సిల్వేనియాలో 2009 నుంచి విల్లుతో వేటాడే కాలంలో అందరికీ క్రాస్‌బో (తుపాకిలా పట్టుకుని మీట నొక్కి బాణం వదిలే విల్లు) అనుమతి ఉంది. అమిష్ వేటగాళ్లు చాలామంది దాన్ని ఇష్టంగా పట్టుకుంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్న తండ్రి ఎవరైనా నన్నడిగితే నేను చూపించేది దాన్నే. బాణం మైలున్నర దూరం పోదు.