పాలీహౌసా, షేడ్ నెట్టా: వెలుతురు, దుమ్ము, పొగ

హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల, మొయినాబాద్ వైపు క్యాప్సికం వేసేవారికి పాలీహౌసే, అంటే 200 మైక్రాన్ల మందం ప్లాస్టిక్ పొర (పాలీ ఫిల్మ్) కప్పిన పందిరే మేలు. కొత్తలో సుమారు 85 శాతం వెలుతురు లోపలికొస్తుంది. రోడ్డు పక్కనైతే దుమ్ము పేరుకుని తగ్గిపోతుంది. నెలకోసారి పొద్దున్నే నీళ్లు కొట్టి మెత్తటి స్పాంజితో తుడవాలి. గట్టి బ్రష్ వాడితే గీతలు పడి, దుమ్ము వాటిలోనే ఇరుక్కుంటుంది. జనరేటర్ పొగ మాత్రం లోపలికి రానివ్వకండి. అందులోని ఇథిలీన్ వాయువుకు పూత రాలుతుంది. తెగులనుకుని అనవసరంగా మందు కొడతారు.

50 శాతం షేడ్ నెట్ (సగం ఎండను ఆపే నీడ వల) చౌక. ఏప్రిల్, మే ఎండల్లో కొత్తిమీర, పాలకూరకు అది చాలు. కానీ ఫ్యాక్టరీల పక్కన వాయువులను వల ఆపదు (పక్క తెరలు ఎత్తిన పాలీహౌస్‌దీ అదే కథ). సల్ఫర్ డయాక్సైడ్ పత్రరంధ్రాల్లోంచి దూరి, ఆకులో ఈనెలకు నడుమనున్న భాగాన్ని తెల్లగా మాడుస్తుంది. జులై ముసురులో వల తీయకపోతే మొక్కలు సన్నగా సాగి ఒరిగిపోతాయి.