మూడున్నరేళ్లుగా నేను నడుపుతున్న బ్యాటరీ స్కూటర్

మోకాళ్లు అరిగి వంద అడుగులు కూడా వేయలేని స్థితిలో, లక్షా పదివేలు పెట్టి మూడు చక్రాల బ్యాటరీ స్కూటర్ కొన్నాను. మాది విశాఖ. కొనేముందు నేను చూసినవి వేగం, ఒక ఛార్జింగుకు వెళ్లే దూరం, సీటు మెత్తదనం. ముందు చూడాల్సినవి అవి కావని బండి వచ్చిన రోజే అర్థమైంది.

మా లిఫ్టు తలుపు 70 సెంటీమీటర్లు, బండి వెడల్పు 55. సరిపోతుందని మురిసిపోయాను. పొడవు కొలవాలని తట్టలేదు. బండి లిఫ్టులోకి వెళ్లింది, తలుపు మాత్రం మూసుకోలేదు. పోనీ ఎలాగో పైకి చేర్చినా ఇంటి ముందు నాలుగంగుళాల టేకు గడప. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలన్న లెక్కన నాలుగడుగుల ర్యాంపు కావాలి. మా నడవా వెడల్పే అంత. పసుపు రాసిన గడపను కోయిస్తానంటే మా ఆవిడ ఊరుకుంటుందా! అప్పటి నుంచి బండి కాపురం కింద పార్కింగులోనే.

అక్కడ ఛార్జింగు పెడితే అపార్టుమెంటు ఉమ్మడి కరెంటు బిల్లు గొడవ. 24 వోల్టులు, 20 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే నిండా ఎక్కినా అర యూనిట్, ఛార్జరులో పోయేది కలిపితే ఇంకొంచెం. కాగితం మీద లెక్క వేసి చూపించాను. అయినా మాట పడటం ఇష్టం లేక నెలకు వంద ఇస్తున్నాను.

కంపెనీ చెప్పిన 20 కిలోమీటర్లు నాకెప్పుడూ రాలేదు. మొదటి ఏడాది 12, రెండో ఏడాది చివరికి 5. తప్పు కొంత నాదే. వానాకాలంలో రెండు నెలలు ఛార్జింగు పెట్టకుండా వదిలేశాను. సీసం బ్యాటరీకి అంతకంటే చేటు లేదు.

ఒక ఉదయం బీచ్ రోడ్డులో బండి ఆగిపోయింది. తోయడానికి వచ్చిన కుర్రాడు "మాస్టారూ, బ్రేకు వదలండి" అన్నాడు. పట్టుకుంటే కదా వదలడానికి! దీనికి చేతి బ్రేకు లేదు. నడిపే మీట వదిలితే మోటారుకున్న బ్రేకు దానంతటదే పడి చక్రాలను బిగించేస్తుంది. బ్యాటరీ అయిపోయినా అంతే. వెనక ఉన్న చిన్న లివరు తిప్పితేనే ఆ బ్రేకు వదిలి, తోస్తే బండి కదులుతుంది. అమ్మినవాళ్లు ఆ సంగతి చెప్పలేదు. దిగుడులో మాత్రం దాన్ని ముట్టుకోకండి, ఆపేది ఏదీ ఉండదు.

మూడు చక్రాలు ఇరుకు మలుపుల్లో హాయి. కానీ మా వీధి దిగుతూ మలుపు తిప్పినప్పుడు లోపలి వైపు వెనక చక్రం ఒకసారి గాలిలోకి లేచింది. అప్పటి నుంచి అక్కడ నత్తనడకే. ఎక్కుదిగుళ్ల ఊరికి నాలుగు చక్రాలదే మేలు.

కొత్త బ్యాటరీలు ఊళ్లోనే దొరికాయి. కారు బ్యాటరీ పనికిరాదు, చాలాసేపు నిలకడగా కరెంటు ఇచ్చే డీప్ సైకిల్ రకం అడగాలి. సముద్రపు గాలికి టెర్మినళ్లు తుప్పు పడుతున్నాయి, నెలకోసారి తుడిచి వాజలీన్ రాస్తున్నాను. అన్నట్టు, దివ్యాంగుల బండ్ల మీద జీఎస్టీ 5 శాతమే. బిల్లులో అంతకు మించి కనిపిస్తే డబ్బు కట్టకముందే అడగండి.