నిద్ర ఎరుగని జాతి: ‘థ్రీ-క్రీన్ ఆఫ్ అథాస్’ సమీక్ష

ఆటగాళ్లు పాత్రలు ధరించి కథ నడిపే ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలోని డార్క్ సన్ అనే కల్పిత ఎడారి లోకానికి (దాని పేరే అథాస్) అనుబంధంగా టీఎస్ఆర్ సంస్థ 1995లో వెలువరించిన ఈ పుస్తకాన్ని నల్లగొండలోని మా మిత్రబృందం ముందు పెట్టుకొని ఆడింది. గొల్లభామ పురుగును పోలి, రెండు కాళ్లతో, నాలుగు చేతులతో మనిషిని మించిన ఎత్తుండే థ్రీ-క్రీన్ అనే ఈ ప్రాణులను ఉత్త రాక్షసులుగా వదిలేయకుండా, వాటికంటూ ఒక సమాజాన్ని ఊహించడమే దీని అసలు బలం.

వాటికి నిద్ర లేదు కనుక, రాత్రంతా ఒళ్లు తెలియకుండా పడుకునే మనుషులు వాటి కంటికి సోమరులు. మా ఆటలో కావలి కాస్తున్న థ్రీ-క్రీన్ పాత్ర అర్ధరాత్రి అందరినీ లేపి వేటకు పదమనడంతో మొదలైన తగవు, కత్తి దూసిన ఏ ఘట్టం కంటే రక్తి కట్టింది. గుంపే కుటుంబం, నాయకుడి మాటే శాసనం, ఆయుష్షు సుమారు 30 ఏళ్లే. ఈ మూడూ కలిసినప్పుడు ఆ తొందర, ఆ విధేయత ఎక్కడివో ఆటగాడికి బోధపడుతుంది. తమ విషపు లాలాజలంతో స్ఫటికాన్ని తయారుచేసి, దానితో విసురు ఆయుధాలు మలచుకోవడం మరో చక్కని ఊహ.

నియమాలు మాత్రం ఆ ఆట పాత రెండవ ఎడిషన్‌వి. కొత్తవారికి కొరుకుడు పడవు. మా ఎర్రటి ఎండల్లో పెరిగినవారికి అథాస్ ఎడారిని వేరే వర్ణించనక్కర్లేదనుకోండి.