ఇండిపెండెంట్ లెన్స్, పీఓవీ: ఏడిపించే సినిమాలు, ఏడవనివ్వని టీవీ

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి పీబీఎస్ (అక్కడి ప్రజా ప్రసార టీవీ) అంటే పిల్లల కార్యక్రమాలు, మహా అయితే సాయంత్రం వార్తలు. అదే చానల్లో సోమవారం రాత్రి పదింటికి వచ్చే రెండు డాక్యుమెంటరీ సీరీస్‌ల సంగతి పదేళ్లుగా అక్కడ ఉన్నవాళ్లకు కూడా తెలియదు. ఒకటి పీఓవీ, 1988లో మొదలైంది. రెండోది ఇండిపెండెంట్ లెన్స్, 1999లో చిన్నగా మొదలై 2003 నుంచి వారంవారం దేశమంతా వస్తోంది. స్టూడియోల డబ్బు, చానల్ పెత్తనం లేకుండా దర్శకులు సొంతంగా తీసుకున్న సినిమాలే రెండింటిలోనూ వస్తాయి. సుమారుగా వేసవి నుంచి పీఓవీ, చలికాలం నుంచి వసంతం దాకా ఇండిపెండెంట్ లెన్స్ ఆ స్లాట్‌ను పంచుకుంటాయి.

సినిమాల ఎంపికకు పదికి తొమ్మిది ఇవ్వొచ్చు. ఆ సినిమాలు ఇంట్లో కూర్చున్న మనిషి మనసుకు చేరే తీరుకు మాత్రం ఆరు దాటి ఇవ్వలేం. ఆ మూడు మార్కులూ ఎక్కడ పోయాయో చూద్దాం. తప్పు దర్శకులది కాదు.

మొదటి దెబ్బ నిడివిది. పీబీఎస్ లెక్కలో గంట అంటే 56 నిమిషాల 46 సెకన్లు, ఒకటిన్నర గంట అంటే 86 నిమిషాల 46 సెకన్లు. సీరీస్ టైటిల్స్, నిధులిచ్చినవాళ్ల పేర్లు, చివరి పలకరింపు అన్నీ అందులోనే సర్దాలి. ఫిలిం ఫెస్టివల్లో తొంభై అయిదు నిమిషాలు ఆడిన సినిమా టీవీకి వచ్చేసరికి పది, పన్నెండు నిమిషాలు తగ్గాలి. గంట స్లాట్ అయితే దాదాపు సగం పోతుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర కత్తెర ముందుగా ఎక్కడ పడుతుంది? ఎవరూ మాట్లాడని చోట. సమాచారం చెప్పే ముక్క తీస్తే కథ అర్థం కాదు, మౌనం తీస్తే కథకు వచ్చే లోటేమీ ఉండదు. కానీ చూసేవాడికి గొంతు పూడుకుపోయేది ఆ మౌనంలోనే. తల్లి తన బాధ చెప్పుకుంటున్నప్పుడు ప్రేక్షకుడు వింటాడు. చెప్పడం ఆపి ఆవిడ స్టవ్ మీది గిన్నె దించుకుంటున్నప్పుడు అతనికి కన్నీళ్లొస్తాయి. ఆ గిన్నె షాట్ పన్నెండు సెకన్లు ఉండాల్సింది నాలుగైతే, మెదడుకు విషయం అందుతుంది, మనసుకు సమయం అందదు. అందుకే టీవీ కట్ చూసినవాళ్లు ‘చాలా ఇన్ఫర్మేటివ్‌గా ఉంది’ అంటారు. డాక్యుమెంటరీ తీసినవాడికి అంతకన్నా చేదు మాట ఉండదు.

కాబట్టి పూర్తి నిడివి ఎక్కడైనా దొరికితే అదే చూడండి. ఎలా కనిపెట్టాలంటే, ఫెస్టివల్ వివరాల్లో ఇచ్చిన నిడివిని పీబీఎస్ యాప్‌లో కనిపించే నిడివితో పోల్చండి. తేడా పది నిమిషాల్లోపు అయితే పెద్దగా నష్టం లేదు. ఇరవై దాటితే మీరు చూస్తున్నది దాదాపు వేరే సినిమా.

పక్క చానళ్లకు లేని సుగుణం ఒకటుంది. మధ్యలో వాణిజ్య ప్రకటనలు రావు. మనవైపు టీవీకి అలవాటు పడినవాళ్లకు దీని విలువ ఇట్టే తెలుస్తుంది. పన్నెండు నిమిషాలకోసారి సబ్బు, బంగారం, రియల్ ఎస్టేట్ వచ్చి పడితే ఏ దుఃఖమూ నిలవదు. అయితే కాపాడుకుంటూ వచ్చిన ఆ బిగువును చాలా స్టేషన్లు ఆఖరి నిమిషంలో వదిలేస్తాయి. చివరి అక్షరాలు ఇంకా ఎక్కుతుండగానే తర్వాతి కార్యక్రమం గురించి హుషారైన గొంతు మొదలవుతుంది. థియేటర్లో అయితే లైట్లు వెలిగేదాకా జనం కదలకుండా కూర్చుంటారు, పక్కవాడు ముక్కు ఎగబీల్చడం వినబడుతుంది. ఇంట్లో ఆ తోడు లేదు, చేతిలో ఫోన్ ఉంది. ఇక్కడ పీఓవీ కొంత మెరుగు. సినిమా అయ్యాక దర్శకుడితో చిన్న సంభాషణో, అందులోని మనుషులు ఇప్పుడెలా ఉన్నారన్న సంగతో చాలాసార్లు జతచేస్తుంది. నిస్సహాయంగా మిగిలిన ప్రేక్షకుడికి ఆ రెండు మూడు నిమిషాలే ఊపిరి. 1990లలో అయితే ప్రేక్షకులు సొంతంగా తీసి పంపిన వీడియో ఉత్తరాలను కూడా ప్రసారం చేసింది. సోషల్ మీడియా లేని కాలంలో అది చిన్న విషయం కాదు.

మన దేశపు సినిమా ఒకటి తీసుకుని చూస్తే అసలు సంగతి తేలుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని బుందేల్‌ఖండ్ ప్రాంతంలో ఎక్కువగా దళిత మహిళలు నడిపే ఖబర్ లహరియా పత్రిక గురించి రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ 2021 సన్‌డాన్స్ ఫిలిం ఫెస్టివల్లో ప్రేక్షకుల అవార్డు గెలిచింది. 2022 మార్చిలో ఇండిపెండెంట్ లెన్స్‌లో ప్రసారమైంది, ఆ ఏడాది ఆస్కార్ తుది జాబితాలోనూ ఉంది. మొదట్లోనే అత్యాచారానికి గురైన స్త్రీ దగ్గర విలేకరి కూర్చుని వివరాలు రాబడుతుంది. గొంతులో జాలి లేదు, అడగాల్సినవి అడుగుతోంది, అంతే. ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అధికారి ముందు అదే తీరులో నిలబడుతుంది. ఇంకోచోట కత్తి చేతబట్టిన యువకుడి ఎదుట ఫోన్ పట్టుకుని నింపాదిగా ప్రశ్నలు వేస్తుంది. సంగీతం మోత మోగించి భయపెట్టే పని దర్శకులు పెట్టుకోలేదు. ఆవిడ భయపడకపోవడం చూసి మనకు భయం వేస్తుంది.

అమెరికన్ ప్రేక్షకుడికి ఇది స్ఫూర్తి కథ. కష్టపడి గెలిచిన ఆడవాళ్లు, చప్పట్లు. తెలుగింటి సోఫాలో కూర్చున్నవాళ్లకు అంత సుఖంగా ఉండదు. ఇంటిపేరేమిటి, ఏ ఊరు, ఆ ఊళ్లో ఎటువైపు అన్న ప్రశ్నలు ఎందుకు వస్తాయో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే మనవాళ్లలో కొందరు ‘అయ్యో పాపం, నార్త్‌లో అలాగే ఉంటుంది’ అని పక్కకు నెట్టేస్తారు, కొందరు మాట్లాడకుండా లేచి వెళ్లి నీళ్లు తాగొస్తారు. రెండోవాళ్ల మీదే సినిమా ఎక్కువ పనిచేసినట్టు లెక్క. ఇంకో మెలిక కూడా ఉంది. ఆస్కార్ వేడుకకు కొద్ది రోజుల ముందు ఖబర్ లహరియానే ఒక ప్రకటన ఇచ్చింది. సినిమా తమ పనిలో ఒక భాగాన్నే చూపిందని, తాము ఒకే పార్టీ మీద దృష్టిపెట్టి రాస్తామన్నట్టు చిత్రించిందని అభ్యంతరం చెప్పింది. ప్రేక్షకుడు కరిగిపోయాడంటే దర్శకుడు నెగ్గినట్టే, కానీ తెరమీది మనిషికి న్యాయం జరిగిందో లేదో ఆ కన్నీళ్లు చెప్పలేవు. సినిమా చూశాక ఆ ప్రకటన కూడా వెతికి చదవండి.

స్లాట్ గురించి కొంచెం చరిత్ర తెలిసి ఉంటే మంచిది. పీబీఎస్ ఒకే చానల్ కాదు. 300కు పైగా స్థానిక స్టేషన్లున్నాయి, దేన్ని ఎప్పుడు వేయాలో, అసలు వేయాలో వద్దో ఎక్కడికక్కడ వాళ్లదే నిర్ణయం. నల్లజాతి స్వలింగ సంపర్కుల జీవితం మీద మార్లన్ రిగ్స్ తీసిన ‘టంగ్స్ అన్‌టైడ్’ను 1991లో పీఓవీ ఇచ్చినప్పుడు చాలా స్టేషన్లు వేయనన్నాయి. 2011-12 సీజన్‌లో ఇండిపెండెంట్ లెన్స్‌ను మంగళవారం నుంచి గురువారానికి మార్చారు. గురువారం చాలా స్టేషన్లు సొంత కార్యక్రమాలు వేసుకునే రోజు కావడంతో సీరీస్ ఎక్కడెక్కడికో జారిపోయి ప్రేక్షకుల సంఖ్య పడిపోయింది. 2012 వసంతంలో డాక్యుమెంటరీ దర్శకులు గట్టిగా బహిరంగ లేఖ రాశాకే సోమవారం పది గంటలు ఖాయమైంది. 2014 చివర్లో న్యూయార్క్ స్టేషన్ మళ్లీ పక్క చానల్‌కు నెట్టబోతే మరో గొడవ అయ్యి వెనక్కి తగ్గింది. ఇదంతా ఎందుకంటే, మీ ఊళ్లో ఈ సినిమా సోమవారం పదింటికే వస్తుందనుకోకండి. అర్ధరాత్రి వేసే స్టేషన్లూ ఉన్నాయి. పీబీఎస్ సైట్‌లో మీ జిప్ కోడ్ ఇచ్చి స్థానిక షెడ్యూల్ చూసుకోవడమే మార్గం. నిద్ర ముంచుకొచ్చే వేళ చూస్తే మంచి సినిమా కూడా నీరసంగానే అనిపిస్తుంది, ఆ నింద సినిమా మీద పడుతుంది.

ప్రేక్షకుల స్పందనను టీవీవాళ్లు ఎలా కొలుస్తారన్నదీ ఈ సేవలో భాగమే. రేటింగ్స్ ఎన్ని ఇళ్లలో టీవీ ఆ చానల్ మీద ఉందో చెబుతాయి, లోపలివాళ్లు చలించారో కునుకు తీశారో చెప్పవు. పరీక్షా ప్రదర్శనల్లో ఒక్కొక్కరి చేతికీ చిన్న డయల్ ఇచ్చి, నచ్చితే పైకి, నచ్చకపోతే కిందికి తిప్పమంటారు. క్షణక్షణానికీ గ్రాఫ్ వస్తుంది. దాంతో చిక్కేమిటంటే, నిజంగా లీనమైనవాడు డయల్ తిప్పడం మరిచిపోతాడు. గ్రాఫ్‌లో గీత చదునుగా పడి ఉంటుంది, అక్కడ సీన్ బలహీనంగా ఉందని ఎవరో తీర్పు చెబుతారు, కత్తెర మళ్లీ మౌనం మీదే పడుతుంది. దీనికన్నా వారం తర్వాత ‘ఏ దృశ్యం గుర్తుంది’ అని అడిగితే వచ్చే జవాబు వెయ్యి రెట్లు నమ్మదగ్గది.

ఇంట్లో చూసేటప్పుడు సగం నష్టం టీవీ సెట్టింగులతోనే జరుగుతుంది. బొమ్మ కదలికను కృత్రిమంగా నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి (ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, పిక్చర్ మెనూలో మోషన్ అన్న మాట కోసం చూడండి). అది ఆన్‌లో ఉంటే చేతి కెమెరాతో తీసిన సినిమా డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది. సౌండ్‌ను మాటలు స్పష్టంగా వినిపించే మోడ్‌లో పెట్టండి, సినిమా మోడ్‌లో వీధి చప్పుడు మాటను మింగేస్తుంది. ఇంకో పీడ, పరభాషా సినిమాల్లో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ బొమ్మలోనే ముద్రించి ఉంటాయి. క్లోజ్డ్ క్యాప్షన్లు కూడా ఆన్‌లో ఉంటే నల్ల పట్టీ సరిగ్గా వాటిమీదే కూర్చుని రెండూ చదవనివ్వదు. అలాంటి సినిమాకు క్యాప్షన్లు ఆపండి, ఆపడం కుదరనివాళ్లు పట్టీని తెర పైభాగానికి జరపగలరేమో చూసుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో చూస్తుంటే ఆ వేగంలో ఇంగ్లీషు చదవడం వాళ్లకు కష్టం. హిందీ సినిమా అయితే హైదరాబాద్ వైపు పెద్దవాళ్లకు సబ్‌టైటిల్స్‌తో పనే ఉండదు, మనకన్నా ముందే నవ్వుతారు. మిగతా భాషలకు ఇరవై నిమిషాలకోసారి ఆపి రెండు మాటల్లో చెప్పండి, సీన్ నడుస్తుండగా మాత్రం అనువదించకండి.

తెలుగు సంఘంలోనో గ్రంథాలయంలోనో పదిమందికి వేయాలంటే పద్ధతి వేరు. ఇంట్లో స్ట్రీమింగ్ చూసే హక్కు హాల్లో ప్రదర్శనకు పనికిరాదు, ముందే అనుమతి అడగాలి. రెండు సీరీస్‌లకూ ఉచిత సామాజిక ప్రదర్శనల సంప్రదాయం ఉంది, టికెట్ పెట్టకూడదన్నది ప్రధాన షరతు. పీఓవీ తన సినిమాలకు తయారుచేసిన చర్చా గైడ్లు ఉచితం, నేపథ్యం, ప్రశ్నలు ఉంటాయి. బాగా చేస్తారు, కాకపోతే ప్రశ్నలు బడి పరీక్షలా ఉంటాయి. వాటిలో మూడు తీసుకుని మిగతావి వదిలేయండి. ఎనభై నిమిషాల సినిమాకు హాలు రెండున్నర గంటలకు తీసుకోండి. పేర్లు పూర్తిగా ఎక్కనివ్వండి, లైట్లు ఒక్కసారిగా వేయకండి, రెండు నిమిషాలు మైకు ఎవరికీ ఇవ్వకండి. మొదటి ప్రశ్న ‘సినిమా ఎలా ఉంది’ అయితే సభ చచ్చిపోతుంది, ఎవరో ఒకాయన లేచి పదిహేను నిమిషాలు ఉపన్యసిస్తారు. ‘మీ కళ్లముందు నిలిచిన ఒక్క దృశ్యం చెప్పండి’ అని అడిగితే మాట్లాడని ఆడవాళ్లు, పిల్లలు కూడా నోరు విప్పుతారు. భోజనాలు సినిమాకు ముందే పెట్టేయండి. బిర్యానీ వాసన వస్తుండగా చర్చ సాగదు.

ఖర్చు దగ్గర ఈ సీరీస్‌లకు వంక పెట్టలేం. యాంటెనా ఉంటే నెలచందా లేకుండా టీవీలో వస్తాయి. ప్రసారమయ్యాక కొంతకాలం సైట్‌లో, యాప్‌లో ఉచితం. ఆ గడువు ముగిస్తే చాలా సినిమాలు పీబీఎస్ పాస్‌పోర్ట్ అనే, విరాళమిచ్చినవాళ్లకు మాత్రమే ఉండే స్ట్రీమింగ్‌లోకి వెళ్తాయి. స్థానిక స్టేషన్‌కు సాధారణంగా నెలకు 5 డాలర్లు, లేదా ఏడాదికి 60 విరాళమిస్తే అది దొరుకుతుంది. హక్కుల గొడవల వల్ల కొన్ని అక్కడా ఉండవు, కనుక నచ్చిన సినిమాను తర్వాత చూద్దాంలే అని వదలకండి. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ ప్రజా ప్రసారాలకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. దెబ్బ ముందు చిన్న ఊళ్ల స్టేషన్ల మీద పడుతుంది. మీ స్టేషన్ షెడ్యూల్‌లో ఈ సీరీస్‌లు కనిపించకపోతే ఒక ఈమెయిల్ రాయండి. 2012లో పనిచేసింది అలాంటి ఉత్తరాలే.

ఇండియా నుంచి చూద్దామంటే పీబీఎస్ యాప్‌లో ఎక్కువ సినిమాలు తెరుచుకోవు. ఇండిపెండెంట్ లెన్స్ యూట్యూబ్ చానల్లో కొన్ని దొరకవచ్చు. దానికన్నా పీఎస్‌బీటీ (పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్ట్) యూట్యూబ్ చానల్ మేలు. రాజీవ్ మెహ్రోత్రా 2000లో స్థాపించిన ఈ ట్రస్టు దూరదర్శన్‌తో కలిసి వందల స్వతంత్ర డాక్యుమెంటరీలు తీయించింది. అరగంటవీ గంటలోపువీ ఎక్కువ, అన్నీ ఒక స్థాయిలో ఉండవు, వెతికే పేజీ గజిబిజి. అరగంటవాటితో మొదలుపెట్టండి.